టెరాహెర్ట్జ్‌ను పట్టే ట్రాన్సిస్టర్‌కు నమూనా కట్టడం ఎలా?

ఆదివారాలు తార్నాకలోని మా ఇంటికి వచ్చే ఎం.టెక్. విద్యార్థులు మొదట అడిగేది ఇదే: "ఈ ట్రాన్సిస్టర్ 0.6 టెరాహెర్ట్జ్ (సెకనుకు 60 వేల కోట్ల కంపనాలు) దగ్గర సంకేతాన్ని పెంచడమే (వర్ధనమే) చేయలేదు కదా మేడమ్, మరి ఆ తరంగాన్ని ఎలా పట్టుకుంటుంది?" వర్ధనం అక్కర్లేదు, తరంగాన్ని డీసీగా మారిస్తే చాలు. ట్రాన్సిస్టర్‌లో సోర్సు నుంచి డ్రెయిన్‌కు ఎలక్ట్రాన్లు పారే దారి ఛానల్, ఆ పారుదలను అదుపు చేసేది గేటు. యాంటెన్నా తెచ్చిన వోల్టేజీ గేటుకూ సోర్సుకూ మధ్య చేరి, ఛానల్‌లో ఎలక్ట్రాన్ల సాంద్రతనూ వేగాన్నీ కలిపి ఊపుతుంది. ఆ రెండింటి లబ్ధానికి సగటు సున్నా కాదు. ఆ మిగులే డ్రెయిన్ దగ్గర డీసీ వోల్టేజీగా కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు డ్యాకొనోవ్, షుర్ 1996లో ఇచ్చిన సిద్ధాంతానికి ఇదే ఆయువుపట్టు.

వలయాన్ని కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేటర్ తెరవకముందే డీసీ వక్రం గీయండి. డ్రెయిన్‌కు 10 మిల్లీవోల్టులే ఇచ్చి, గేటు వోల్టేజీ మారుస్తూ ఛానల్ వాహకత కొలవండి. దాని సహజ సంవర్గమానాన్ని గేటు వోల్టేజీ పరంగా అవకలనం చేసి, యాంటెన్నా వోల్టేజీ వర్గంలో నాలుగో వంతుతో గుణిస్తే స్పందన వస్తుంది. తరంగ వోల్టేజీ 10 మిల్లీవోల్టులు అనుకోండి. థ్రెషోల్డ్‌కు (ఛానల్ తెరుచుకునే గేటు వోల్టేజీకి) 0.5 వోల్టు పైన స్పందన సుమారు 50 మైక్రోవోల్టులు. థ్రెషోల్డ్ కింద, గేటు వోల్టేజీతో వాహకత ఎంత మెల్లగా పెరుగుతుందో చెప్పే ఆదర్శ గుణకం 1.5 అయితే, గది ఉష్ణోగ్రతలో సుమారు 0.65 మిల్లీవోల్టులు. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మాస్‌ఫెట్ టెరాహెర్ట్జ్‌ను పట్టలేదు కానీ, ఈ వక్రం గీయడం నేర్చుకోవడానికి నిక్షేపంగా పనికొస్తుంది.

నేను రెండు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే. థ్రెషోల్డ్ కింద నా లెక్క పైనే నిలిచి ఉండేది, కొలత మాత్రం కూలిపోయేది. భౌతికశాస్త్రాన్నే అనుమానించాను. అసలు కారణం కొలిచే పరికరం: దాని ఇన్‌పుట్ నిరోధం 10 మెగాఓమ్‌లు. ఛానల్ నిరోధమూ అంతకు చేరితే సంకేతం సగమే మిగులుతుంది. పక్కన 100 పికోఫారడ్ల కేబుల్ ఉంటే కాలస్థిరాంకం అర మిల్లీసెకను. కొలత కోసం టెరాహెర్ట్జ్ కిరణాన్ని సెకనుకు వేయిసార్లు ఆపుతూ వదులుతుంటే ఆ సగం కూడా దక్కదు. ఈ రెండింటినీ మొదటి రోజే నమూనాలో పెట్టండి.

తరువాత ఛానల్‌ను ముక్కలు చేయాలి. ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే చలనశీలత 200 చదరపు సెంటీమీటర్లు ప్రతి వోల్టు-సెకనుకు, గేటు థ్రెషోల్డ్‌కు 0.1 వోల్టు పైన ఉంటే, 0.6 టెరాహెర్ట్జ్ అల సోర్సు నుంచి దాదాపు 23 నానోమీటర్లలోనే అణగారిపోతుంది. కాబట్టి 130 నానోమీటర్ల ఛానల్‌ను ఒకే ట్రాన్సిస్టర్‌గా చూస్తే లెక్క తప్పుతుంది. ఎన్‌జీస్పైస్ అనే వలయ సిమ్యులేటర్‌లో 5 నానోమీటర్ల చొప్పున 26 చిన్న ట్రాన్సిస్టర్లను వరుసగా కలిపి, గేట్లన్నీ ఒకటి చేయండి. వేగ సంతృప్తత (క్షేత్రం పెరిగినా ఎలక్ట్రాన్ల వేగం పెరగకపోవడం) వంటి పొట్టి ఛానల్ ప్రభావాలను ముక్కల్లో ఆపేయాలి, లేకపోతే అవి 26 సార్లు లెక్కకొస్తాయి. సోర్సు, డ్రెయిన్ నిరోధాలు రెండు చివరల ముక్కలకే ఇవ్వండి.

ఇక్కడ సిలికాన్ ఎలక్ట్రాన్ల విశ్రాంతి కాలం (ఢీకొన్నాక ఎలక్ట్రాన్ తన పాత కదలికను మరిచిపోవడానికి పట్టే సమయం) సుమారు 22 ఫెమ్టోసెకన్లు. కోణీయ పౌనఃపున్యంతో దాని లబ్ధం 0.08 కనుక అనునాదం ఉండదు. ఆ లబ్ధం ఒకటికి చేరే పదార్థమైతే, ప్రతి ముక్కలో నిరోధానికి వరుసగా, నిరోధాన్ని విశ్రాంతి కాలంతో గుణించినంత ఇండక్టెన్స్ చేర్చండి.

చివరగా పరీక్షించండి. యాంటెన్నా వోల్టేజీని రెట్టిస్తే స్పందన నాలుగింతలు కావాలి. అదే ఛానల్‌ను రెట్టింపు ముక్కలు చేసినా స్పందన కదలకూడదు. సోర్సు వైపూ డ్రెయిన్ వైపూ ఒకే తరంగాన్ని సమానంగా ఇస్తే సున్నా రావాలి. రాకపోతే మీ వలయంలో ఎక్కడో సౌష్ఠవం చెడింది, చివరి ముక్కల నుంచి వెతకండి.