బ్లాగు థీమ్ పాఠాలు – 4: వత్తులకు చోటు

గత పాఠంలో వర్డ్‌ప్రెస్‌ను (బ్లాగులు, సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీ కంప్యూటర్‌లోనే నడిపించుకుని, ఒక ఉచిత థీమ్‌ను, అంటే సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ళ కట్టను, ఎక్కించాం. విశాఖ ద్వారకానగర్‌లో ఆఫీసు ఉన్న ఒక అరకు హోమ్‌స్టే యజమాని మన ఊహాకస్టమర్. ఇప్పుడు ఆ థీమ్‌లో శీర్షికగా ‘ఉత్తరాంధ్ర మన్యంలో శ్రీమతి, పిల్లలతో రెండు రోజులు’ అని పెట్టి, ఫోనులో చూడండి. శీర్షిక రెండు వరుసలుగా విరిగినచోట పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటాయి. థీమ్ తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాలను చూసి కొలతలు వేశారు, అంతే. రంగులు, లోగో మార్చడం ఈ రోజుల్లో యజమానులే చేసుకుంటున్నారు. వారికి చేతకాక మన దగ్గరికి వచ్చే పని ఇదే కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దీనికే.

ముందుగా చైల్డ్ థీమ్, అంటే అసలు థీమ్ మీద ఆధారపడి మన మార్పులను మాత్రం విడిగా ఉంచుకునే చిన్న థీమ్. అసలు థీమ్ ఫైళ్ళను నేరుగా దిద్దితే తర్వాతి అప్‌డేట్‌తో మీ శ్రమంతా తుడిచిపెట్టుకుపోతుంది. థీమ్స్ ఫోల్డరులో మరో ఫోల్డరు తెరిచి అందులో రంగులు, కొలతలు రాసే స్టైల్ డాట్ సీఎస్ఎస్ (style.css) ఫైలు పెట్టండి. దాని తలభాగంలో రెండు పంక్తులు చాలు: ‘థీమ్ నేమ్’ దగ్గర మీ చైల్డ్ థీమ్‌కు మీరు పెట్టే పేరు, ‘టెంప్లేట్’ దగ్గర అసలు థీమ్ ఫోల్డరు పేరు. తెర మీద కనిపించే పేరు రాస్తే పనిచేయదు, ఫోల్డరు పేరే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఈ ఫైలు దానంతటదే పేజీలోకి వస్తుందని నమ్ముకోవద్దు. కొన్ని థీమ్‌లు దాన్ని పిలుస్తాయి, కొన్ని పిలవవు. థీమ్ చేసే పనుల కోడ్ ఉండే ఫంక్షన్స్ డాట్ పీహెచ్‌పీ (functions.php) ఫైలులో మీరే పిలిపించుకోండి. చైల్డ్‌లోని ఫంక్షన్స్ ఫైలు అసలుదాన్ని తొలగించదు, రెండూ నడుస్తాయి.

ఇక అక్షరాలు. సెట్టింగ్స్‌లో సైటు భాషను తెలుగుకు మార్చండి. పేజీ తెలుగులో ఉందని బ్రౌజర్‌కు తెలిసేది దానివల్లే. ఫాంట్ల విషయంలో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి పాఠ్యానికి, రామభద్ర శీర్షికలకు నప్పుతాయి. గురజాడ, గిడుగు పేర్లతోనూ ఫాంట్లు ఉన్నాయి. ఉత్తరాంధ్ర వాళ్ళం కదా అని మోజుపడి అన్నీ ఒకే పేజీలో దించకండి. ప్రతి ఫాంటూ ఒక ఫైలే, ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోనులో ఆ బరువు తెలుస్తుంది. రెండు చాలు. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి కనుక, అమ్మే థీమ్‌లోనూ లైసెన్సు ప్రతితో కలిపి ఇవ్వవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు.

లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు అక్షర పరిమాణానికి ఎన్ని రెట్ల ఎత్తు ఇస్తామన్నది, ఇంగ్లీషు థీమ్ శీర్షికల్లో తరచుగా 1.2 దగ్గర ఉంటుంది. తెలుగుకు శీర్షికల్లో 1.5తో, పాఠ్యంలో 1.8తో మొదలుపెట్టి కంటితో సరిచూసుకోండి. పక్కన పిక్సెల్ అని రాయకండి. ఒట్టి అంకె అయితే అక్షరం పెరిగినకొద్దీ ఖాళీ కూడా పెరుగుతుంది. అయినా వత్తుల అడుగు తెగిపోతుంటే, ఆ పెట్టెకు ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ (పెట్టె దాటినదాన్ని దాచేసే అమరిక) పెట్టారేమో వెతకండి. మెనూల్లో, ఒక్కో పోస్టును చూపే పెట్టెలైన కార్డుల్లో ఈ దొంగ ఎక్కువగా దొరుకుతాడు.

లెటర్ స్పేసింగ్‌ను (అక్షరాల మధ్య అదనపు ఎడాన్ని) సున్నా చేయండి. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అందంగా ఉండే ఆ ఎడం తెలుగు మాటను ముక్కలు చేసి చూపిస్తుంది. ఇటాలిక్ కూడా వద్దు. ఫాంటులో వాలు అక్షరాలు లేకపోతే బ్రౌజర్ నిటారు అక్షరాన్నే బలవంతంగా వంచుతుంది. కొటేషన్లను రంగుతోనో, పక్కన గీతతోనో వేరుచేయండి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపే ‘డ్రాప్ క్యాప్’ ఉంటే తీసేయడం మేలు. ‘స్త్రీ’తో పేరా మొదలైతే ఆ అక్షరాన్ని విడగొట్టే బ్రౌజర్లు ఉన్నాయి.

మొదటి పేజీలో వచ్చే సారాంశానికి వర్డ్‌ప్రెస్ మామూలుగా 55 మాటలు తీసుకుంటుంది. తెలుగు మాటలు పొడుగు, అన్ని పెడితే కార్డు చాంతాడంత అవుతుంది. ‘ఎక్సర్ప్ట్ లెంగ్త్’ ఫిల్టరుతో (ఫంక్షన్స్ ఫైలులో రాసే చిన్న కోడ్‌తో) 25కు దించండి.

డబ్బు సంగతి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ జీపీఎల్ లైసెన్సు (ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకోవచ్చనే ఒప్పందం) కింద నడుస్తోంది. మీ చైల్డ్ థీమ్‌లోని పీహెచ్‌పీ కోడ్‌ను పంచితే అది కూడా అదే లైసెన్సు కిందకు వస్తుందన్నది వర్డ్‌ప్రెస్ వారి వైఖరి. అమ్ముకోవచ్చు, కానీ కొన్నవారు ఇంకొకరికి ఉచితంగా ఇస్తానంటే ఆపలేరు. అందుకే కోడ్‌కు ధర కట్టి లాభం లేదు. తెలుగులో అమర్చిపెట్టడం, ఏడాదిపాటు అప్‌డేట్ల తర్వాత సరిచూడటం, సీజన్‌కు తగ్గట్టు ధరల పేజీ మార్చిపెట్టడం, వీటికి విడివిడిగా ధరలు రాసి ముందే కాగితం మీద ఇవ్వండి. ‘చిన్న మార్పే కదండీ’ అనే ఫోన్లు రాక మానవు. ఎన్ని మార్పులు ఉచితమో ఆ కాగితంలోనే ఉండాలి. డొమైన్ (సైటు చిరునామా), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ చోటు) యజమాని పేరు మీదే తీయించండి. మీ పేరు మీద తీస్తే వారికి పట్టు ఉండదు, మీకు తలనొప్పి తప్పదు. అరకు లోయ ఫోటోలు గూగుల్‌లో వెతికి పెట్టేయకుండా, వారు తీసినవే అడగండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: ‘శ్రీకాకుళం’, ‘ఋషికొండ’, ‘రాష్ట్రస్థాయి’, ‘సాఫ్ట్‌వేర్’ అనే నాలుగు మాటలను శీర్షికలో, మెనూలో, బటన్ మీద పెట్టి, తక్కువ ధర ఫోను ఒకటి సంపాదించి దానిలో స్క్రీన్‌షాట్లు తీయండి. ఎక్కడెక్కడ అక్షరం తెగిందో గుర్తుపెట్టి ఉంచుకోండి. ఐదో పాఠంలో 2021లో వచ్చిన థీమ్ డాట్ జేసన్ (theme.json) అనే, థీమ్ అమరికలను ఒకేచోట రాసే ఫైలు తెరిచి, ఈ కొలతలన్నిటినీ అందులోకి మారుద్దాం.