కంపెనీ పేరుతో టీషర్టులు: ఎప్పుడు, ఎన్ని? (పాఠం 4)

గత పాఠంలో వేసిన ఆరు నెలల ఖర్చుల పట్టిక తీయండి. అందులో “టీషర్టులు, మగ్గులు, డైరీలు, వందేసి” అని రాసుకుని ఉంటే కొట్టేయండి. కస్టమర్లు పదిమంది కూడా లేని రోజుల్లో మగ్గు మీది లోగోను చూసేది మీ ఆఫీసువాళ్లే.

పనిలో భాగమయ్యే వస్తువైతే మాత్రం చేయించొచ్చు. విజయవాడలో ఇంటింటికీ వెళ్లి ఏసీలు సర్వీసు చేసే సంస్థ ఉందనుకుందాం, కుర్రాళ్లు ఎనిమిది మంది. సత్యనారాయణపురంలో తలుపు తీసే పెద్దావిడ ముందు చూసేది వాళ్ల చొక్కా మీది పేరే. అదే గుంటూరు నుంచి కారం పార్శిళ్లు పంపేవాళ్లకు టీషర్టు దండగ. అట్టపెట్టె మీద స్టిక్కరు చాలు.

ఆ ఏసీ సంస్థకు మనిషికి మూడు చొప్పున 24 కావాలి. స్క్రీన్ ప్రింటింగులో రంగుకో స్క్రీను (ఇంకును బట్ట మీదికి దించే జాలీ చట్రం) కట్టాలి. స్క్రీను 400 రూపాయలనుకుంటే మూడు రంగులకు 1,200, అంటే చొక్కాకు 50. అవే 240 చొక్కాలైతే 5 రూపాయలే. “వంద తీసుకోండి, రేటు తగ్గుద్ది” అని షాపాయన అనేది అందుకే. మాట నిజమే గానీ మిగిలిన 76 మీ బీరువాలో పడుంటాయి. డీటీఎఫ్‌కు (బొమ్మను ఫిల్ము మీద ప్రింటు తీసి, వేడితో బట్టకు అంటించే పద్ధతి) స్క్రీను అక్కర్లేదు. కానీ బొమ్మ పెద్దదైతే ప్లాస్టిక్ రేకు కట్టుకున్నట్టుంటుంది, బెజవాడ మే ఎండలో కుర్రాళ్లు వేసుకోరు. లోగోను ఒకే రంగుకు దించి, ఛాతీ మీద మూడు నాలుగు అంగుళాల్లో స్క్రీన్ ప్రింటు వేయించడం మేలు. బట్ట 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) బయోవాష్ (నూగు పోయేలా ఎంజైములతో ఉతికిన) కాటన్ అడగండి.

వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను ప్రింటుకు ఇవ్వొద్దు, అంచులు చెదిరిపోతాయి. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా) మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. పేరు తెలుగులో ఉంటే ఇది మరీ ముఖ్యం: ఆ ఫాంటు ప్రింటర్ కంప్యూటర్లో లేకపోతే వత్తులు ఊడి పక్కన పడతాయి. గీతల మందం 1 మి.మీ. తగ్గనీయకండి. పేరు ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు కాకముందే ‘ఆర్’ గుర్తు (®) వేస్తే ట్రేడ్‌మార్కుల చట్టం కింద పెనాల్టీ పడుతుంది. అప్పటిదాకా ‘టీఎం’ వాడుకోండి.

శాంపిల్ ఒక్కటి చేయించి, చంక నుంచి చంక దాకా కొలిచి రాసుకోండి. తిరగేసి మూడుసార్లు ఉతికి, ఆరేసి, మళ్లీ కొలవండి. అంగుళం తగ్గిందంటే చుట్టుకొలతలో రెండు తగ్గినట్టే, అంటే దాదాపు ఒక సైజు. తర్వాత ప్రింటును రెండు చేతులా లాగండి. పగుళ్లు వస్తే క్యూరింగ్ (ఇంకును వేడితో గట్టిపరచడం) సరిగా కాలేదు: స్క్రీన్ ప్రింటులో వాడే ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకుకు దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి పొర అడుగుదాకా తగలాలి. పైపైన ఆరిన ఇంకు ఉతుకుల్లో పెచ్చులుగా రాలిపోతుంది.

కస్టమర్లకు ఊరికే పంచే వస్తువులైతే ఇంకో లెక్క కలపాలి. వాటి మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేరు (కేంద్ర జీఎస్టీ చట్టం, సెక్షన్ 17(5)).

అభ్యాసం: మీ లోగోను నలుపు ఒక్క రంగులో, మూడంగుళాల వెడల్పున కాగితం మీద ప్రింటు తీసి గోడకు అంటించండి. ఆరడుగుల దూరం నుంచి పేరు చదవలేకపోతే, వచ్చే పాఠానికి ముందు లోగోనే సరిచేయాలి.