బొమ్మలేసుకునే బల్ల సర్దే ముందు జాగ్రత్తలు

- బల్ల కొనకముందే కుర్చీలో కూర్చుని మోచేతి ఎత్తు కొలవండి. మామూలు బల్లలు 72–75 సెంటీమీటర్లు ఉంటాయి. పొట్టివాళ్లకి భుజాలు పైకి లేస్తాయి. అలాంటప్పుడు కుర్చీ ఎత్తు పెంచి, పాదాల కింద పీట వేసుకోవాలి.
- కుడిచేతి వాటమైతే దీపం ఎడమవైపు. లేదంటే గీసే గీత మీదే చేతి నీడ పడుతుంది. రంగుల పనికి సీఆర్ఐ (బల్బు వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 దాటిన బల్బు తీసుకోండి. పసుపు వెలుతురులో లేత పసుపు రంగు తెల్లకాగితంలో కలిసిపోతుంది, వేశామో లేదో కూడా తెలీదు!
- స్క్రీన్ ఉంటే కిటికీకి పక్కవాటుగా తిప్పండి.
- ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద వదలకండి, బల్ల అడుగున బిగించండి. బ్రష్షులు కడిగే గ్లాసు ఎప్పుడో ఒకప్పుడు ఒలికే తీరుతుంది. ఆ గ్లాసు కరెంటుకి రెండో వైపు ఉండాలి.
- కటింగ్ మ్యాట్ పరిచాకే బ్లేడు బయటికి తీయండి.