స్టెరిలైజేషన్‌కు వెళ్లొచ్చిన పౌచ్‌ల సీలు విడిపోతుంటే

ఒంగోలులోని మా చిన్న యూనిట్‌లో ఆపరేషన్ గాయం పక్కన అతికించే ఈసీజీ ప్యాచ్‌లు ప్యాక్ చేస్తాం. చెన్నై పంపి ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్‌తో స్టెరిలైజ్ చేయించి తెప్పిస్తే, కొన్ని పౌచ్‌లు మూల దగ్గర నోరు తెరుచుకుని వచ్చాయి. 121 డిగ్రీల ఆవిరికి మా బ్యాటరీ, జిగురు తట్టుకోవు. గామా కిరణాలు చిప్‌ను దెబ్బతీయవచ్చు. కాబట్టి గ్యాస్‌ను వదులుకునే వీలు లేదు.

అందరూ సీలింగ్ మెషిన్‌నే అనుమానించారు. వేడి పెంచమని ఒకటే పోరు. నాకు నమ్మకం కుదరలేదు. పంపకముందు తీసిపెట్టిన పౌచ్‌లలో సిరంజితో నీలం రంగు ఎక్కించి అంచు వెంట చూస్తే, ఎక్కడా సీలు దాటలేదు. (మా పౌచ్‌కు ఒక వైపు ప్లాస్టిక్, మరో వైపు గాలిని పోనిచ్చే, కాగితంలా ఉండే టైవెక్. అది రంగును పీల్చేస్తుంది, కొన్ని సెకన్లలోనే చూసెయ్యాలి.)

అట్టపెట్టె విప్పితే సంగతి బయటపడింది. పౌచ్‌లోని గాలి పోయేది టైవెక్ వైపు నుంచే. ప్లాస్టిక్ వైపు దారే లేదు. అప్పడాల్లా ఒకదానిపై ఒకటి అదిమి పేర్చడంతో ఆ ముఖం మూసుకుపోయింది. ఛాంబర్‌లో వ్యాక్యూమ్ లాగేసరికి లోపల చిక్కుకున్న గాలి వ్యాకోచించి సీలును తోసేసింది.

ఇప్పుడు నిలువుగా, వేలు దూరేంత సందు వదిలి పేరుస్తున్నాం. వ్యాక్యూమ్ నెమ్మదిగా లాగమనీ అడిగాం. స్టెరిలైజేషన్ సైకిల్ మారింది కాబట్టి వ్యాలిడేషన్ (ఆ పద్ధతి సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి రుజువు చేయడం) మళ్లీ చేయించాలి, ఆ ఖర్చు తప్పదు. సీలు వేడి మాత్రం పెంచలేదు. పెంచితే పౌచ్ చింపేటప్పుడు టైవెక్ పీచు లేచి ప్యాచ్ మీద పడుతుంది.