అమెరికాలో మీరు కట్టే అద్దె, బిల్లులు ఎక్కడైనా పద్దు పడుతున్నాయా?

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి కొత్తగా అమెరికా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా. మాది కావలి. మా వీధి చివర కొట్లో నెలంతా సరుకులు తెచ్చుకుని ఒకటో తారీఖున కట్టేవాళ్లం. కొట్టాయనకి నాన్న మాట చాలు, బాకీ తీరగానే పొడుగాటి పద్దు పుస్తకం తీసి మా పేజీ మీద అడ్డంగా గీత కొట్టేసేవాడు. రొయ్యల గుంటల వాళ్లకి మేత డీలరు రొయ్యలు పట్టి అమ్మేదాకా అరువిచ్చేదీ ఆ నమ్మకంతోనే. ఇక్కడ అలాంటి పద్దు పుస్తకం, అంటే క్రెడిట్ రిపోర్టు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు కంపెనీల దగ్గర ఉంటుంది, మీరు దిగిన రోజుకి అందులో మీకు పేజీయే ఉండదు.

నా సంగతే చెప్తా. నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. లీజు ఒక్కడి పేరు మీదే, నా వాటా నెలనెలా వాడి ఖాతాకి పంపేవాణ్ణి, ఫోనేమో ఇంకో ఫ్రెండ్ ఫ్యామిలీ ప్లాన్‌లో. ఏడాదిన్నరలో ఒక్క రోజు కూడా లేటు చెయ్యలేదు. తీరా క్రెడిట్ కార్డుకి అప్లై చేస్తే, క్రెడిట్ హిస్టరీ చాలదని ఉత్తరం వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత కట్టిన డబ్బుకి నా పేరుతో ఒక్క అక్షరం లేదు.

అందుకే రాగానే లీజులో మీ పేరు రాయించుకోండి. కరెంటో, ఫోనో, ఒక బిల్లు మీ పేరు మీద పెట్టుకుని మీ సొంత ఖాతా నుంచే కట్టండి. అయితే ఇవి సకాలంలో కట్టినా మామూలుగా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కవు, ఎగ్గొట్టి కలెక్షన్‌కి (బాకీ వసూలు చేసేవాళ్ల చేతికి) వెళితే మాత్రం ఎక్కి ఏడేళ్లు కూర్చుంటాయి. ఇది అన్యాయమే. ఇలా ఏ క్రెడిట్ రికార్డూ లేని వయోజనులు అమెరికాలో 2 కోట్ల 60 లక్షల మంది ఉన్నారని 2015లో వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌పీబీయే చెప్పింది.

ఇప్పుడు కొంత దారి ఏర్పడింది. 2019లో వచ్చిన ఎక్స్‌పీరియన్ బూస్ట్ ఉచితం, మీ బ్యాంక్ ఖాతా కలిపితే ఫోను, కరెంటు లాంటి బిల్లులు కట్టింది చూసి రిపోర్టులో చేరుస్తుంది, కానీ ఆ ఒక్క కంపెనీ రిపోర్టులోనే. అద్దె సంగతి లీజింగ్ ఆఫీసులో అడగండి, రిపోర్ట్ చేస్తారా, చేస్తే ఏ కంపెనీకి, ఫీజు ఎంత అని. ఇంటి లోన్ల సంస్థ ఫ్యానీ మే 2021 నుంచి అద్దె చెల్లింపులను కూడా లెక్కలోకి తీసుకుంటోంది. అయినా వీటినే నమ్ముకోవద్దు, అప్పిచ్చేవాళ్లు చూసే ఫైకో అనే క్రెడిట్ స్కోరు రావాలంటే కనీసం ఒక ఖాతాకి ఆరు నెలల వయసుండాలి, కాబట్టి కొంచెం డిపాజిట్ కట్టి, ఆ హామీ మీద ఇచ్చే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు కూడా తీసుకోండి.

ఇంకోటి, మన ఇంటిపేర్ల గొడవ. లీజులో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, ఫోను బిల్లులో పొడి అక్షరం ఉంటే ఒకే మనిషి రికార్డు ముక్కలైపోవచ్చు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయించండి.