బడ్జెట్ పుస్తకం చదవడం నేర్చుకుందాం – 3: ఒకటో నంబరు పద్దు

పోయిన వారం హోంవర్క్‌లో చాలామంది ఒకే చోట తప్పారు. 'సవరించిన అంచనా'ను అసలు ఖర్చు అనుకున్నారు. సవరించినా అది అంచనానే. నిజంగా ఖర్చయింది 'లెక్కలు' అన్న కాలమ్‌లో ఉంటుంది, అదీ రెండేళ్ల కిందటిది. ఇంకోసారి చూసుకుని రండి.

ఈరోజు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్‌లో ఒకటో నంబరు పద్దు తెరుద్దాం. పద్దు అంటే ఫలానా ఖర్చుకు ఇంత కావాలని ప్రభుత్వం సభను అడిగే మొత్తం. అది శాసన వ్యవస్థ సొంత ఖర్చు.

మన తిరుపతిలో గంగమ్మ జాతరకు వీధి చందాలు వసూలు చేసే కుర్రాళ్లు పందిరి ఖర్చు రాసే నోటు పుస్తకంలోనే తమ టీ, టిఫిన్ల ఖర్చూ రాసుకుంటారు. ఎమ్మెల్యేలదీ అంతేనా? "దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టే కదా సార్" అన్నాడు మా క్లాసులో ఒకబ్బాయి. పుస్తకంలో చూస్తే మాత్రం తాళం చెవి వేరే చోట ఉంది.

మేజర్ హెడ్ 2011 వెతకండి. అది సంవత్సరం కాదు, ఖర్చు దేనికో చెప్పే కోడ్ నంబరు. దాని కింద శాసనసభ, శాసన మండలి, వాటి సచివాలయం విడివిడిగా కనిపిస్తాయి. అంకెల కంటే ముందు 'చార్జ్డ్', 'ఓటెడ్' అన్న మాటలు పట్టుకోండి. స్పీకర్, డిప్యూటీ స్పీకర్, మండలి చైర్మన్, డిప్యూటీ చైర్మన్ల జీతభత్యాలు చార్జ్డ్. రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం అవి నేరుగా సంచిత నిధి, అంటే రాష్ట్ర ప్రధాన ఖజానా మీద పడతాయి. సభలో చర్చించొచ్చు, ఓటు మాత్రం ఉండదు. సభను అదుపులో పెట్టే మనిషి జీతం అదే సభ దయ మీద ఉండకూడదు కదా. 1956 నుంచి 1962 వరకు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగార్ జీతానికీ ఢిల్లీలో ఇదే రక్షణ.

మిగతాదంతా, ఎమ్మెల్యేల జీతాలతో సహా, ఓటెడ్. ఇక్కడ కాస్త ఆగి చదవండి. 203వ అధికరణం కింద సభ ఒక పద్దును ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచడానికి లేదు. గవర్నర్ సిఫారసు లేకుండా పద్దు సభకే రాదు, ఆ సిఫారసు వెనక ఉండేది మంత్రివర్గం. సచివాలయం అంచనాలు వేసుకున్నా ఆర్థిక శాఖ గడప దాటాల్సిందే. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సభ తన కరెంటు బిల్లుకు ఆ ప్రభుత్వం వైపే చూడాలి. నన్నడిగితే అసలు తిరకాసు ఇదే, జీతాల పెంపు మీద మనం చేసే గోల చిన్నది. ఆ పెంపుకూ 195వ అధికరణం కింద చట్టం కావాలి, సంచిత నిధి నుంచి ఖర్చు పెట్టించే బిల్లు కాబట్టి దానికీ గవర్నర్ సిఫారసు ఉండాలి.

మండలి పరిస్థితి ఇంకా తమాషా. 58 మంది సభ్యులున్నా పద్దుల మీద ఒక్క ఓటూ లేదు. వాళ్ల ఖర్చుకు ఊకొట్టేది 175 మంది ఉన్న శాసనసభ. ద్రవ్య వినిమయ బిల్లు (సంచిత నిధి నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే బిల్లు) మండలికి వెళ్తుంది కానీ, 14 రోజుల్లో తిప్పి పంపకపోతే ఆమోదం పొందినట్టే లెక్క.

ఈ వారం పని: ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది ఒకటో పద్దు తీసి చార్జ్డ్ మొత్తం ఒక పక్క, ఓటెడ్ మొత్తం ఒక పక్క రాయండి. అంకెలు వేలల్లో ఉన్నాయా లక్షల్లోనా అన్నది పేజీ పైనే ఉంటుంది, కంగారులో అది వదిలేయొద్దు. తర్వాత సచివాలయం వరుసలో 'లెక్కలు', కొత్త అంచనా పక్కపక్కన పెట్టి తేడా ఎంతో చూడండి. తేడా బాగా పెద్దదిగా ఉంటే ఆ పేజీ మూసేయకండి, వచ్చే వారం అనుబంధ పద్దులు, అంటే ఏడాది మధ్యలో అదనంగా అడిగే పద్దులు, అక్కడి నుంచే మొదలుపెడదాం.