ఫైనల్ ఫ్యాంటసీ 6, క్రోనో ట్రిగ్గర్: పొరలు విప్పి చూడటం, విడదీసి వినడం ఎలా

ఫైనల్ ఫ్యాంటసీ 6 అనే వీడియో గేమ్ జపాన్‌లో 1994 ఏప్రిల్‌లో నింటెండో వారి సూపర్ ఫామికామ్ గేమ్ యంత్రానికి వచ్చింది. దాని క్యాట్రిడ్జ్ 24 మెగాబిట్లు, అంటే 3 మెగాబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక ఫొటోకు ఇంచుమించు అంత చోటు పడుతుంది. ఆ చోటులోనే పద్నాలుగు మంది ప్రధాన పాత్రలు, నాశనానికి ముందొకటి తర్వాతొకటిగా రెండు ప్రపంచాలు, ఒక పూర్తి ఆపెరా ఘట్టం ఇమిడాయి. మరుసటి ఏడాది మార్చిలో అదే స్క్వేర్ కంపెనీ 32 మెగాబిట్ల క్రోనో ట్రిగ్గర్‌ను విడుదల చేసింది. రెండింటినీ కథ కోసం ఆడినవాళ్లు ఎందరో ఉన్నారు. పనితనం కోసం చూడాలంటే మాత్రం ప్రతి తెర దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఉన్నంతలో దేన్ని వదులుకున్నారు, దేన్ని పట్టుబట్టి నిలబెట్టుకున్నారు?

ముందు వెర్షన్ సంగతి

ఇక్కడ తప్పటడుగు పడితే మిగతా శ్రమంతా వృథా. ఫైనల్ ఫ్యాంటసీ 6కు 2014లో వచ్చిన ఫోన్ వెర్షన్‌లో బొమ్మలను నున్నగా మళ్లీ గీశారు. పాత పనితనం అందులో కనిపించదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ వెర్షన్‌లో రంగులు తెల్లబారాయి, సంగీతం పలచబడింది. 2022లో వచ్చిన పిక్సెల్ రీమాస్టర్ మంచి పని. పాత గేముల్లో పాత్రల బొమ్మలు గీసిన కజుకో షిబుయానే దానికీ పూనుకున్నారు. అయినా అది కొత్త గీత, కొత్త వాద్యబృందం. పాతది ఒకసారి చూశాక పక్కన పెట్టి పోల్చడానికి బాగా పనికొస్తుంది.

క్రోనో ట్రిగ్గర్ పీసీ వెర్షన్ 2018లో వచ్చినప్పుడు బొమ్మల మీద మసక పూత ఉండేది. తర్వాతి అప్‌డేట్లలో పాత గ్రాఫిక్స్‌ను ఎంచుకునే వీలు కల్పించారు. సెట్టింగ్స్‌లో ముందు దాన్ని మార్చండి. 1999 నాటి ప్లేస్టేషన్ వెర్షన్‌కు ఆనిమే దృశ్యాలు అదనం, కానీ యుద్ధానికీ మెనూకీ డిస్క్ లోడయ్యేదాకా ఆగాలి. ఈ గేమ్ నడకే దాని గొప్పతనం కాబట్టి ఆ విరామాలు దాన్ని దెబ్బతీస్తాయి.

పొరలు విప్పి చూడాలంటే అసలు క్యాట్రిడ్జ్, దాన్ని చదివే పరికరం, మెసెన్ లాంటి ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) కావాలి. మెసెన్ డీబగ్ మెనూలో టైల్ మ్యాప్ (నేపథ్యాన్ని కట్టే చిన్న చదరపు ముక్కల అమరిక), స్ప్రైట్ (నేపథ్యం మీద కదిలే బొమ్మ), పాలెట్ (రంగుల పట్టిక) వ్యూయర్లు విడివిడిగా ఉంటాయి. స్నెస్9ఎక్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ పొరలను ఒక్కొక్కటిగా ఆపొచ్చు, సౌండ్ మెనూలో ఛానెల్స్‌నూ (ఒకేసారి మోగే వేర్వేరు స్వరాల దారులనూ) ఆపొచ్చు.

తెర కొలతలు

సూపర్ ఫామికామ్ గీసేది 256 అడ్డం, 224 నిలువు పిక్సెల్స్. పాత టీవీ దాన్ని దాదాపు 4:3 వెడల్పుకు సాగదీసేది, కాబట్టి ఒక్కో పిక్సెల్ చదరంగా కాక 8:7 నిష్పత్తిలో కాస్త వెడల్పుగా కనిపించేది. ఇప్పటి తెర మీద చదరపు పిక్సెల్స్‌తో చూస్తే మనుషులు సన్నబడతారు. అలాగని 1080 గీతల మానిటర్ మీద 4:3 పెడితే ఇంకో చిక్కు. నిలువు సరిగ్గా 4 రెట్లు పెరుగుతుంది గానీ అడ్డం నాలుగున్నర రెట్ల పైచిలుకు అవుతుంది. అంటే కొన్ని పిక్సెల్స్ నాలుగు చుక్కల వెడల్పు, కొన్ని అయిదు. ఆగి ఉన్న బొమ్మలో ఇది తెలియదు. పాత్ర నడిచి నేల జరగడం మొదలవగానే గోడలు, కంచెలు అలలు అలలుగా వణుకుతాయి. చాలామంది దీన్ని గేమ్ లోపమే అనుకుంటారు.

మందు సులభం. 4కే తెర ఉంటే అడ్డం 8 రెట్లు, నిలువు 7 రెట్లు పెట్టండి: 2048×1568. నిష్పత్తి అచ్చంగా కుదురుతుంది, వణుకు ఉండదు. 1440 గీతల మానిటర్‌కు అడ్డం 7, నిలువు 6 రెట్లు: 1792×1344. తేడా రెండు శాతమే, కంటికి ఆనదు. 1080 తెరకు 4:3 ఉంచి, షార్ప్ బైలీనియర్ అనే షేడర్ (తెరకు పోయే బొమ్మను సవరించే చిన్న ప్రోగ్రామ్) వాడండి. అది పిక్సెల్ అంచుల్ని మాత్రమే సన్నగా కలిపి వణుకును అణుస్తుంది.

హెచ్‌క్యూఎక్స్, ఎక్స్‌బీఆర్ లాంటి నునుపు ఫిల్టర్లు ఆపేయండి. ఈ బొమ్మల్లో కన్నంటే గుప్పెడు పిక్సెల్స్. ఫిల్టర్ వాటిని పక్క రంగుతో కలిపేసి ముఖాన్ని మైనపు ముద్ద చేస్తుంది. పాత గాజు గొట్టపు టీవీని అనుకరించే సీఆర్‌టీ షేడర్ సంగతి వేరు, అది చిత్రకారులు పనిచేసిన తెరను పోలినదే కాబట్టి వాడితే మంచిదే. టీవీ మీద ఆడుతుంటే గేమ్ మోడ్ వేసి, మోషన్ స్మూతింగ్ ఆపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో శబ్దం ఆలస్యమవుతుంది. ఆపెరా ఘట్టంలో మాట ముందొచ్చి స్వరం వెనకబడితే మొత్తం చెడుతుంది కాబట్టి వైరున్నవే వాడండి.

రంగులు, పొరలు

ఈ యంత్రం 32,768 రంగులు చూపగలదు, కానీ పట్టికలో ఒకసారికి 256కే చోటు. ఆ 256నూ 16 రంగుల వరుసలుగా విడగొట్టి, సగం నేపథ్యానికి, సగం పాత్రలకు ఇచ్చారు. ప్రతి వరుసలో మొదటి గడి పారదర్శకం, చేతికి దక్కేది 15. మెసెన్‌లో పాలెట్ వ్యూయర్ తెరిచి ఫైనల్ ఫ్యాంటసీ 6 పాత్రలైన ఎడ్గర్, సబిన్, సెలెస్‌లను చూడండి. ముగ్గురిదీ ఒకే వరుస. బంగారు జుట్టు పంచుకుంటున్న ముగ్గురినీ ఒకరికొకరు పోలికే లేకుండా నిలబెట్టింది ఆకారమే, రంగు కాదు. టెర్రా ఇంకో మంచి ఉదాహరణ. పాత్రలను ఊహించి గీసిన చిత్రకారుడు యోషితకా అమానో చిత్రాల్లో ఆమెది బంగారు జుట్టు, గేమ్‌లో ఆకుపచ్చ జుట్టు. చిన్న బొమ్మగా మంచులోనూ గుహలోనూ తిరిగే అమ్మాయిని ఆ పచ్చదనం చప్పున పట్టిస్తుంది.

ఇక పొరలు. ఎక్కువ దృశ్యాలకు వాడే మోడ్ 1లో 16 రంగుల పొరలు రెండు, 4 రంగుల పొర ఒకటి. ఆ మూడోది చాలావరకు అక్షరాలకు, సంభాషణ పెట్టెకు పోతుంది. నార్షే ఊరిలో నిలబడి పొరలు ఒక్కొక్కటే ఆపి చూడండి. పాత్ర వంతెన కిందినుంచీ వెళ్తుంది, పైనుంచీ వెళ్తుంది. ఎలాగంటే, ప్రతి 8×8 టైల్‌కూ ముందుండాలా వెనకుండాలా అనే గుర్తు విడిగా ఉంటుంది.

ఒక్క లెక్క వేస్తే ఈ పని విలువ తెలుస్తుంది. 16 రంగుల టైల్ 32 బైట్లు. తెర నిండా ఒక పొర పరవడానికి 896 టైల్స్ కావాలి. అన్నీ వేర్వేరుగా గీస్తే 28 కిలోబైట్లు. వీడియో మెమరీ మొత్తం 64 కిలోబైట్లే, అందులోనే మిగతా పొరలు, పాత్రలు, అక్షరాలు ఒదగాలి. కాబట్టి ఒకే రాయిని అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి కొండ కట్టారు. టైల్ వ్యూయర్‌లో అసలు రాళ్లు ఎన్నో లెక్కపెట్టి, మళ్లీ తెర మీది కొండను చూడండి. అతుకు ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు పడుతుంది.

ఫైనల్ ఫ్యాంటసీ 6 ఆరంభంలో మూడు యంత్రకవచాలు మంచులో నడిచి వెళ్లే దృశ్యం మోడ్ 7తో చేసింది. అందులో నేపథ్య పొర ఒక్కటే. దాన్ని తిప్పొచ్చు, సాగదీయొచ్చు. గీత గీతకూ ఆ సాగుడు కొలత మార్చడంతో చదును బొమ్మ దూరం పోయే మంచు మైదానంగా మారుతుంది. కవచాలు మాత్రం స్ప్రైట్లే. స్ప్రైట్ పొర ఆపగానే అవి మాయమై ఖాళీ మంచు ఒక్కటే కదులుతుంది. అడుగు బరువంతా ఊపులోనే ఉంది: భారంగా పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, దిగుతాయి. ఈ ఒక్క దృశ్యాన్ని సేవ్ స్టేట్ (ఆ క్షణాన్ని ఎమ్యులేటర్ దాచే నకలు) పెట్టుకుని మూడుసార్లు చూడండి, ఒకసారి నేలను, ఒకసారి నడకను, ఒకసారి కళ్లు మూసుకుని పాటను.

పదహారు పిక్సెల్స్ మనిషి

పాత్ర బొమ్మ 16 అడ్డం, 24 నిలువు. అంటే ఆరు టైల్స్, 192 బైట్లు. ఈ శ్రేణిలో అంతకుముందటి గేముల్లో ఊళ్లో తిరిగేటప్పుడు పొట్టి బొమ్మ, యుద్ధంలో పెద్ద బొమ్మ ఉండేవి. ఆరో గేమ్‌లో రెండుచోట్లా ఒకటే బొమ్మ. దీంతో యుద్ధం కోసం గీసిన భంగిమలన్నీ కథా దృశ్యాల్లో నటనకు దొరికాయి: చేతులెత్తడం, మోకాలిపై కూలడం, తల వంచడం, వేలు ఆడించడం, కన్ను గీటడం. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఈ కిటుకు తెలిసిందే. ముఖం మారదు, తల వంపులోనే దుఃఖం పలుకుతుంది.

ఎడమకు తిరిగిన బొమ్మనే అద్దంలో తిప్పి కుడికి వాడతారు. అందుకే ఒక పక్కే ఉండాల్సిన ఆభరణం, పాత్ర తిరగ్గానే రెండో పక్కకు మారుతుంది. అది పొరపాటు కాదు, ఆ మిగిలిన చోటుతోనే ఇంకో భంగిమ వచ్చింది. ఒక సంభాషణను శబ్దం ఆపి, మాటలు చదవకుండా చూడండి. ఎవరు కోపంగా ఉన్నారో, ఎవరు సిగ్గుపడుతున్నారో తెలిసిపోతుంది. తల దించాక తర్వాతి మాట వచ్చేలోపు ఎంతసేపు ఆపారో గమనించండి. నటన చాలావరకు ఆ ఆగడంలోనే ఉంది.

మూడున్నర సెకన్ల వాద్యబృందం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది సంగీతానికి. శబ్దం కోసం విడిగా ఒక ప్రాసెసర్, దానికి 64 కిలోబైట్ల మెమరీ, ఎనిమిది ఛానెల్స్. ప్రతి 16 శబ్ద నమూనాలను 9 బైట్లలోకి కుదిస్తారు. సెకనుకు 32,000 నమూనాల లెక్కన ఒక సెకను శబ్దానికి 18,000 బైట్లు. మెమరీ అంతా దానికే ఇచ్చినా పట్టేది మూడున్నర సెకన్ల పైచిలుకే. అందులోంచే సంగీతం వాయించే ప్రోగ్రామ్‌కు, స్వరాల పట్టికకు చోటు తియ్యాలి. ఎకో కావాలంటే ప్రతి 16 మిల్లీసెకన్లకు 2 కిలోబైట్లు పోతాయి. గరిష్ఠంగా 240 మిల్లీసెకన్ల ఎకో పెడితే 30 కిలోబైట్లు, దాదాపు సగం మెమరీ. పెద్ద హాలు కావాలా, ఇంకో వాయిద్యం కావాలా అని ప్రతి పాట దగ్గరా తేల్చుకోవాల్సిందే.

అందుకే వయొలిన్ వాయించిన మొదటి తునకను మాత్రం ఉంచి, మిగతా నాదాన్ని చిన్న ముక్కగా తిప్పి తిప్పి వాయిస్తారు. శ్రద్ధగా వింటే సాగే స్వరం చివర్లో సన్నని తిరుగుడు వినిపిస్తుంది.

ఎస్‌పీసీ ఫైల్ అంటే ఆ 64 కిలోబైట్ల మెమరీని ఉన్నదున్నట్టు పట్టిన నకలు. అది వాయించే ప్లేయర్లలో ఛానెల్స్‌ను విడిగా ఆపొచ్చు. నొబువో ఉయెమాత్సు కట్టిన టెర్రా పాటతో మొదలెట్టండి. ముందు బాస్ ఒక్కటే ఉంచి ఒకసారి, తర్వాత తాళం చేర్చి, ఆ తర్వాత వేణువు లాంటి స్వరం చేర్చి. కొన్ని పాటల్లో ఒకే రాగాన్ని రెండో ఛానెల్‌లో కాస్త ఆలస్యంగా, తక్కువ గొంతుతో వాయించి విశాలత తెచ్చారు. హెడ్‌ఫోన్స్‌లో అది దొరికిపోతుంది. ఆడేటప్పుడు ఇంకోటి వినండి. పెద్ద చప్పుడు రాగానే పాటలో ఒకటో రెండో వాయిద్యాలు తప్పుకుంటాయి, ఎందుకంటే చప్పుళ్లకూ అవే ఎనిమిది ఛానెల్స్.

ఆపెరాలో సెలెస్ గొంతు మనిషి గొంతు కాదు, మాటల్లేని ఒక నమూనా. చరణాలు అక్షరాలుగా తెర మీద వస్తాయి. తర్వాతి చరణం మీరే ఎంచుకోవాలి, తప్పితే ప్రదర్శన ఆగిపోతుంది. కాబట్టి ముందే పాట ప్రతి చదువుకోండి. ఆ ఆపెరా పాట రాగమే సెలెస్ పాత్రకు కట్టిన సొంత పాటలోనూ ఉంది. రెండూ వెంటవెంటనే వినండి. పిక్సెల్ రీమాస్టర్‌లో ఇదే ఘట్టాన్ని నిజమైన గాయకులు పాడారు. అది అందంగా ఉంటుంది, కానీ పాత దాంట్లో మాటలు మన మనసులో పాడుకుంటాం. ఆ పాల్గొనడం కొత్తదాంట్లో తగ్గిందనే మా అభిప్రాయం.

క్రోనో ట్రిగ్గర్‌లో ఏం చూడాలి

ఫైనల్ ఫ్యాంటసీ సృష్టికర్త హిరొనొబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హొరీ, డ్రాగన్ బాల్ చిత్రకారుడు అకీరా తోరియామా కలిసి చేసిన గేమ్ ఇది. సంగీతం ఎక్కువ భాగం యసునోరి మిత్సుడాది. ఆయన జబ్బుపడితే మిగిలినదాన్ని ఉయెమాత్సు పూర్తిచేశారు. జీల్ రాజ్యం చేరాక ఆగి, సితార్‌ను తలపించే తీగల నాదం ఉన్న పాట రెండుసార్లు తిరిగేదాకా ఏమీ నొక్కకుండా వినండి.

ఇక్కడ యుద్ధానికి వేరే తెర లేదు, నడుస్తున్న చోటే జరుగుతుంది. శత్రువులు అటూ ఇటూ జరుగుతుంటారు, కొన్ని విద్యలు ఒక గీత మీదున్నవాళ్లకు, కొన్ని చుట్టూ ఉన్నవాళ్లకు తగులుతాయి. వాళ్లు దగ్గర పడేదాకా ఓపిక పట్టి వేసి చూడండి. చిత్రకారుడు గీసిన నేల మీదే మీరు పన్నాగం పన్నుతున్నారని తెలుస్తుంది.

మొదటి గంటలో వచ్చే సంతను తొందరపడి దాటకండి. అక్కడ ఎవరిదో భోజనం బల్ల మీద ఉంటుంది, తినొచ్చు. మార్ల్ అనే అమ్మాయి మీకు తగిలి పడిపోయినప్పుడు ముందు ఆమెను పలకరించొచ్చు, లేదా ముందు కిందపడ్డ పతకాన్ని తీసుకోవచ్చు. సంతలోకి అడుగుపెట్టేముందు ఒక సేవ్ విడిగా దాచి, రెండుసార్లు రెండు రకాలుగా ఆడండి. కొన్ని గంటల తర్వాత కోర్టులో విచారణ జరిగినప్పుడు ఆ భోజనం, ఆ పతకం రెండూ సాక్ష్యంగా వస్తాయి.